పాత పికప్‌కి ముందు పెయింట్ వేయించకండి

పాత పికప్‌ని బాగుచేశామని చాలామంది ఫోటోలు పెడుతుంటారు, అప్పుడు ఎలా ఉండేది, ఇప్పుడు ఎలా ఉంది అని. రెండిట్లోనూ కనిపించేది రంగే. బండి కింద దూరి తీసిన ఫోటో ఒక్కటీ ఉండదు. దీని మీద నాకు ఎప్పటినుంచో కోపం ఉంది.

నేను కొనేటప్పటికే నా బండి 3,40,000 కిలోమీటర్లు తిరిగింది. డీజిల్ ఇంజిన్. పొద్దున్నే ఒక్క సెల్ఫ్‌కే స్టార్ట్ అయింది, పొగ లేదు. పైన కొత్త పెయింట్, కింద తుప్పు పట్టకుండా పూసే అండర్‌కోటింగ్, నున్నగా నల్లగా. ఆ నలుపు చూసి, ఎవరో ప్రేమగా చూసుకున్న బండి అనుకున్నాను. మూడు నెలల తర్వాత వెనక కమాన్ కట్టలు, అంటే బరువును ఆపే స్ప్రింగు పట్టీలు, విప్పాం. ఆ కట్ట చివరను పట్టుకునే షాకిల్ బిగించే చోట ఛాసిస్‌ని, అంటే బండి కింది ఇనుప చట్రాన్ని, స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే పిడి దాకా లోపలికి దిగిపోయింది. పైన కోటింగ్, దాని కింద పుట్టీ, ఆ కింద పెచ్చులుగా రాలే తుప్పు. ఆ ఛాసిస్ మీదే లోడు వేసుకుని, ఇంట్లోవాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని మూడు నెలలు తిరిగాను. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

పికప్‌లో బరువు మోసేది ఛాసిసే. క్యాబిన్ అయినా, వెనక తొట్టి అయినా దాని మీద బోల్టులతో కూర్చున్నవే. డోరు తుప్పు పడితే ఇంకో డోరు తెచ్చి బిగిస్తాం, ఛాసిస్‌కి అంత తేలిక లేదు. పైగా పెట్టెలా మూసి ఉండే ఛాసిస్‌ని తుప్పు లోపలినుంచి తింటుంది. నీళ్లు కారిపోవడానికి కింద రంధ్రాలు ఉంటాయి. అవి మట్టితో పూడితే తడి లోపలే నిలిచిపోతుంది, బయటికి ఏమీ తెలియదు. చిన్న సుత్తితో తట్టుకుంటూ పోవాలి. గట్టిగా ఉన్నచోట ఖంగుమంటుంది, తిన్నచోట మొద్దుగా పలుకుతుంది. తుప్పు గీకకుండా పైన కోటింగ్ పూస్తే తడిని లోపల పెట్టి మూత వేసినట్టే. అమ్మడం కోసం అలా పూయడాన్ని నేను మోసం అనే అంటాను. తుప్పు ఉంటే ఉందని చెప్పి ధర తగ్గించండి, కొనేవాళ్లు కొంటారు.

ఛాసిస్ తర్వాత బ్రేకులు. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 3 అనే రకం బ్రేక్ ఆయిల్ కొత్తది కనీసం 205 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదు, తేమ చేరాక అదే 140 డిగ్రీలకు పడిపోవచ్చు. లోడుతో ఘాట్ దిగుతూ బ్రేక్ తొక్కుతూనే ఉంటే ఆయిల్ మరిగి ఆవిరవుతుంది, పెడల్ నేలకు అంటుకుంటుంది. రెండేళ్లకోసారి మార్చే ఆయిల్ ఇది. రంగుకి పెట్టే డబ్బులో దీని ఖర్చు ఎంతని?

ఇంకో బాధ, చూడకుండా పార్టులు మార్చేయడం. నా బండి సెల్ఫ్ నీరసంగా తిరుగుతుంటే ముందు బ్యాటరీ మార్చమన్నారు, మార్చాను. తర్వాత సెల్ఫ్ మోటార్ అన్నారు, అదీ మార్చాను. తేడా లేదు. చివరికి మల్టీమీటర్ తెచ్చి, సెల్ఫ్ తిరుగుతుండగా బ్యాటరీ మైనస్‌కీ ఇంజిన్ బ్లాక్‌కీ మధ్య వోల్టేజ్ చూశాను. అర వోల్ట్ కూడా ఉండకూడని చోట ఒక వోల్ట్ దాటి చూపించింది. బ్యాటరీ మైనస్‌ని ఇంజిన్‌కి కలిపే ఎర్త్ కేబుల్ చివర తుప్పు పట్టింది, అంతే. గీకి బిగిస్తే సరిపోయింది. పది నిమిషాల పరీక్ష ఎవరూ చేయలేదు.

గేర్ ఆయిల్ కూడా అంతే, చేతికందింది పోయకండి. డిఫరెన్షియల్‌కి, అంటే వెనక చక్రాల మధ్య ఉండే గేర్ల డబ్బాకి, వాడే చాలా రకాల జీఎల్-5 గ్రేడు ఆయిల్‌లోని గంధకం కొన్ని పాత గేర్‌బాక్సుల్లో గేరు సాఫీగా పడేలా చేసే ఇత్తడి సింక్రో రింగుల్ని తినేస్తుంది. మాన్యువల్‌లో ఏది రాసి ఉంటే అదే.

ఇంత చెప్పినా, ఎక్కువ తిరిగిన బండిని చూసి భయపడమని నేను అనను. నా ఇంజిన్‌కి కంప్రెషన్, అంటే సిలిండర్లలో గాలి ఒత్తిడి, చూపిస్తే నాలుగు సిలిండర్లూ దాదాపు సమానంగా వచ్చాయి. ఎవరో టైముకి ఆయిల్ మార్చారన్నమాట, వాళ్లకు దండం పెట్టాలనిపించింది. ఛాసిస్‌లో తిన్న భాగం కోయించి, అదే మందం ఇనుము వెల్డింగ్ చేయించి, లోపలంతా వ్యాక్స్ స్ప్రే కొట్టించాను. ఇప్పుడు 3,72,000 దాటింది. అమ్మినవాళ్లు వేయించిన ఆ కొత్త పెయింట్ బానెట్ మీద అప్పుడే పొరలుగా లేస్తోంది. దాని సంగతి వచ్చే ఏడాది చూస్తాను, ఈ నెల గేర్‌బాక్స్ నుంచి వెనక చక్రాలను తిప్పే ప్రొపెల్లర్ షాఫ్ట్ కీళ్లు, అంటే క్రాస్‌లు, మార్చాలి.