వెతకడం వచ్చింది, మార్చుకోవడమే రావాలి

కృత్రిమ మేధ రంగంలో ఇప్పుడు పోటీ అంతా జ్ఞాపకం మీదే. ఏ మోడల్ ఒకేసారి ఎన్ని లక్షల పదాలు చదవగలదు, ఎంత పెద్ద డేటాబేస్‌లోంచి ఎంత వేగంగా వెతికి తేగలదు అన్నదే లెక్క. పాత పరిష్కారం దొరికితే సగం పని అయిపోయినట్టే అనుకుంటున్నారు. నా ఉద్దేశంలో అసలు పని అక్కడే మొదలవుతుంది. దొరికినదాన్ని కొత్త సమస్యకు తగ్గట్టు మార్చాలంటే, అది అప్పట్లో ఎందుకు పనిచేసిందో తెలియాలి. ఆ కారణాన్ని మాత్రం చాలా వ్యవస్థలు భద్రపరచుకోవడం లేదు.

2024లో ఆపిల్ పరిశోధకులు చూపించిన ఒక లెక్క చూడండి. ఒకతను శుక్రవారం 44 కివీ పళ్లు, శనివారం 58 కోశాడు. ఆదివారం శుక్రవారానికి రెట్టింపు కోశాడు, కాకపోతే వాటిలో అయిదు కాస్త చిన్నవి. మొత్తం ఎన్ని? 190. చిన్నవైనా పళ్లు పళ్లే. కానీ కొన్ని మోడళ్లు అయిదు తీసేసి 185 అన్నాయి. శిక్షణలో చూసిన లెక్కల్లో అలాంటి మాట వచ్చినచోట తీసివేత జరిగి ఉంటుంది, ఆ అలవాటునే తెచ్చి ఇక్కడా అతికించాయి. పులిని చూసి నక్క వాత పెట్టుకోవడమంటే ఇదే. ఈ ఒక్క లెక్కను తర్వాతి మోడళ్లు సరిచేసుకున్నంత మాత్రాన ఆ స్వభావం పోయిందనుకోలేం.

ఈ చిక్కు కొత్తది కాదు. పాత కేసుల, అంటే ఇంతకుముందు పరిష్కరించిన సమస్యల, ఆధారంగా తర్కించే పద్ధతికి 1980లలో ఏఐ పరిశోధకుడు రోజర్ షాంక్, ఆయన శిష్యులు యేల్ విశ్వవిద్యాలయంలో పునాది వేశారు. వారిలో క్రిస్టియన్ హామండ్ తయారుచేసిన ‘షెఫ్’ అనే ప్రోగ్రామ్ వంట విధానాలు రూపొందించేది. గొడ్డుమాంసం, బ్రకోలీ కలిపి వేయించే వంటకం అడిగితే, బీన్స్‌తో చేసిన పాత వంటకాన్ని తీసి, బీన్స్ స్థానంలో బ్రకోలీ పెట్టింది. ఆ వంటను తనలో తానే ఊహించి నడిపి చూసుకుంటే బ్రకోలీ మెత్తబడిపోయింది. అక్కడితో ఆగకుండా కారణం వెతికింది: మాంసం వేగేటప్పుడు నీరు వదులుతుంది, కరకరలాడాల్సిన కూర అదే నీటిలో ఉడికిపోతోంది. రెండింటినీ విడివిడిగా వేయించేలా విధానం మార్చింది. తర్వాత కోడిమాంసం, లేత బఠానీ కాయలు అడిగితే ఆ ఇబ్బందిని ముందే ఊహించింది. పదార్థాలు వేరు, కారణం ఒకటే.

ఆ తరంవాళ్లు ఇంకా ముందుకెళ్లారు. పరిష్కారాన్నే కాక, దాన్ని చేరుకున్న ఆలోచన క్రమాన్నీ భద్రపరచుకోవాలని జైమీ కార్బొనెల్ 1986లో వాదించారు. పైకి ఎక్కువ పోలిక ఉన్న కేసు కన్నా, తేలిగ్గా మార్చుకోగలిగిన కేసును ఎంచుకోవడమే మేలని బారీ స్మిత్, మార్క్ కీన్ 1998లో చూపించారు. ఇప్పటి వెతుకులాట వ్యవస్థలు ఎక్కువగా వాక్యాల అర్థం ఎంత దగ్గరగా ఉందో కొలిచి సరిపెట్టుకుంటున్నాయి. ఇరవై ఏళ్లకు పైగా చేతిలో ఉన్న పాఠం ఇలా పక్కన పడి ఉండటం నాకు బాధగా ఉంది.

మనుషుల విషయంలో లోపం మరోచోట ఉంది. 1980ల మొదట్లో మనస్తత్వ పరిశోధకులు మేరీ గిక్, కీత్ హోలియోక్ చేసిన ప్రయోగాల్లో, ఆరోగ్యకరమైన కణజాలం చెడకుండా కిరణాలతో కణితిని నాశనం చేసే దారి చెప్పమన్నారు. సైన్యాన్ని చీల్చి అనేక దారుల్లో కోటను ముట్టడించిన కథను ముందే చదివినా, కిరణాలనూ అలాగే చీల్చి పలువైపుల నుంచి పంపొచ్చని సొంతంగా తట్టినవారు దాదాపు 30 శాతమే. ఆ కథ పనికొస్తుందని సూచిస్తే సుమారు 75 శాతం మంది పరిష్కరించారు. అంటే మనకు గుర్తు రావడం కష్టం, గుర్తొచ్చాక మలచుకోవడం తేలిక. యంత్రాలది దాదాపు తలకిందుల పరిస్థితి.

కోడ్ రాసే ఏఐ సాధనాలు ఈమధ్య మెరుగ్గా కనిపించడానికి ఒక కారణం ఉంది. పాత కోడ్‌ను తప్పుగా అతికిస్తే, కోడ్ సరిగ్గా పనిచేస్తోందో లేదో చూసే టెస్ట్ వెంటనే విఫలమవుతుంది, మళ్లీ సవరించే అవకాశం దొరుకుతుంది. వైద్యంలో ఆ వెసులుబాటు లేదు. ఒక రోగికి సరిపోయిన మోతాదు, కిడ్నీలు మందును సరిగ్గా బయటికి పంపుతున్నందువల్లే సరిపోయి ఉండొచ్చు. కిడ్నీలు దెబ్బతిన్న మరో రోగికి వయసు, బరువు, జబ్బు అన్నీ కలిసినా అదే మోతాదు ప్రమాదం. తర్కించే మోడళ్లు జవాబుకు ముందు పేజీలకొద్దీ ఆలోచన రాసుకుంటాయి గానీ, పని అయ్యాక అది సాధారణంగా తదుపరి కేసుకు అందదు. రోగుల రికార్డుల్లోనూ మోతాదు ఉంటుంది, దాన్ని ఎంచుకున్న కారణం చాలాసార్లు ఉండదు. ఆ కారణాన్ని మందు రాసేటప్పుడే వైద్యుణ్ని అడిగి నమోదు చేయాలి. ఏళ్ల తర్వాత రికార్డుల్లోంచి దాన్ని ఊహించి రాబట్టమని మోడల్‌ను అడగడం, 185 చెప్పిన పద్ధతికే రోగిని అప్పగించడం.