దాపరిక శాస్త్రం: ప్రాణస్నేహితురాలి విభాగం

ప్రాణస్నేహితురాలి మీద మనసు పారేసుకోవడానికి చదువు అక్కర్లేదు. దాన్ని ఏళ్ల తరబడి దాచడానికి మాత్రం కావాలి. నాలుగేళ్లు ఇదే ప్రధాన సబ్జెక్టుగా చదివి, బీటెక్‌ని పక్కన సరదాకి పూర్తిచేసినవాళ్లు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఉన్నారు. అయినా ఏ సిలబస్‌లోనూ దీనికి ఒక్క యూనిట్ లేదు.

ముందు మూలసూత్రం. మనిషి దొరికిపోయేది ఆమెకి చేసిన పనివల్ల కాదు, అదే పని మిగతావాళ్లకి చెయ్యకపోవడంవల్ల. సంక్రాంతికి ఆమెకి తత్కాల్ టికెట్ తీస్తున్నారనుకోండి. ప్రయాణానికి ముందురోజు ఏసీకి 10 గంటలకి, స్లీపర్‌కి 11 గంటలకి బుకింగ్ మొదలవుతుంది. తొమ్మిదిన్నరకే ఫోన్ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నవాణ్ణి చూస్తే హాస్టల్ వాచ్‌మన్‌కైనా అనుమానం వస్తుంది. అదే బ్యాచ్ మొత్తానికి తీస్తే 'పాపం, మంచోడు' అంటారు. తత్కాల్‌లో ఒక పీఎన్ఆర్ మీద నలుగురికే చోటు కాబట్టి అదే బండికి వెళ్లే మరో ముగ్గుర్ని వెతికి పట్టుకోండి. ఒకరి మీది ప్రేమకి నలుగురి చాకిరీ అన్నమాట. ఈ లెక్క అన్నిటికీ వర్తిస్తుంది. ఆమెకి ఉస్మానియా బిస్కెట్లు ఇష్టమని పావుకిలో కొనకండి, కిలో కొని అందరికీ పంచండి. ఆమెకి చేరే పొట్లం చివరిది కావాలి. మొదటిదైతే కేసు తేలిపోయినట్టే.

ఇక వాట్సాప్. బ్లూ టిక్కులు ఆపేస్తే చాలని కొత్తవాళ్లు అనుకుంటారు. ఆపితే ఆమె చదివిందో లేదో మీకూ కనబడదు. ఆ బెంగతో రెండోరోజే మళ్లీ ఆన్ చేస్తారు. పైగా గ్రూపుల్లో ఆ సెట్టింగ్ పనిచెయ్యదు. రాసి చెరిపి, చెరిపి రాసే మెసేజీలు చాట్‌లో అసలు రాయకండి. అవతల ఆమె అదే చాట్ తెరిచి ఉంటే పావుగంటసేపు 'టైపింగ్' అని కనబడుతూనే ఉంటుంది, చివరికి వచ్చేది 'ఓకే'. ఆ పావుగంటకి ఏ సంజాయిషీ చెల్లదు. నోట్స్‌లో రాసుకుని అతికించండి. అర్ధరాత్రి ఏదో పంపేసి డిలీట్ కొట్టడం ఇంకా పెద్ద తప్పు. మాట పోతుంది, మాట చెరిపిన గుర్తు అక్కడే ఉంటుంది. 'ఏం పెట్టావ్ రా?' అని అడిగేలోగా జవాబు తయారుగా ఉండాలి. 'అమ్మకి పంపబోయి నీకు పంపా' అన్నది అరిగిపోయింది, వాడకండి.

శ్రావణమాసం గండకాలం. ఆగస్టు మొదటి ఆదివారం ఫ్రెండ్‌షిప్ డే, శ్రావణ పౌర్ణమికి రాఖీ. 2025లో 3న బ్యాండు, 9న రాఖీ. బ్యాండు కట్టిన చేతికే రాఖీ పడటానికి ఆరు రోజుల వ్యవధి! ఊళ్లో చెల్లెలు ఎదురుచూస్తోందని ముందురోజే బస్సెక్కండి. చెల్లెలు లేనివాళ్లు పిన్ని కూతుర్ని వాడుకోవచ్చు. జ్వరమని గదిలో ముసుగుతన్నితే లాభం లేదు, పరామర్శకి వచ్చి మరీ కట్టిపోతారు.

చివరి మెట్టు ఆమె పెళ్లి. ఇన్నాళ్లూ ఊరందరికీ టికెట్లు తీసి, బిస్కెట్లు పంచిన పుణ్యానికి 'బాధ్యత తెలిసిన కుర్రాడు' అన్న పేరొచ్చి ఉంటుంది గనక వాళ్ల నాన్నగారే పిలిచి పని అప్పజెబుతారు. మండపం మీది పని ఒప్పుకోకండి. తలంబ్రాల పళ్లెం పట్టుకుని నిలబడితే మొహం వీడియోలో పడుతుంది, ఆ వీడియో ఆమె మనవల దాకా ఉంటుంది. వంటల దగ్గరా విడిదింట్లోనూ బోలెడు పనుంటుంది. కళ్లు ఎర్రబడ్డాయని కంగారుపడకండి. ముహూర్తం ఏ తెల్లవారుజాము మూడింటికో అయితే పెళ్లికొడుకు కళ్లూ అలాగే ఉంటాయి. అప్పటికీ ఆగకపోతే అప్పగింతల దాకా ఓపిక పట్టండి. అక్కడ ఎవరెందుకు ఏడుస్తున్నారని ఎవరూ అడగరు. మేనత్తల వెనక వరసలో చోటు చూసుకోండి. కర్చీఫులు మాత్రం రెండు తీసుకెళ్లండి, ఒకటి వాళ్లు లాక్కుంటారు.