పెదాలు ఒకచోట, పాట ఒకచోట
కోర్సు ప్రాజెక్టుకి మూడు నిమిషాల పాట వీడియో తీయాలి. ఇంతేగా అనుకున్నాం! బుద్ధుడు వెనక కనబడేలా ఫ్రేమ్ పెట్టుకుందామని పొద్దున్నే ఐదున్నరకే ట్యాంక్‌బండ్ మీద వాలాం. మొదటి టేక్‌కే వాకింగ్ అంకుల్ ఒకాయన కెమెరా ముందు ఆగి, "ఏ ఛానెల్ బాబూ?" అన్నారు. తర్వాత ఎవరో వచ్చి ట్రైపాడ్ తీసేయమన్నారు. పర్మిషన్ లెటర్ హాస్టల్‌లో ఉంది, నా ఖర్మ.

అసలు ఏడుపు ఎడిటింగ్‌లో. ఫోన్ కెమెరాకి ఫ్రేమ్ రేటు, అంటే సెకనుకి ఎన్ని బొమ్మలు తీస్తుందనే లెక్క, నిలకడగా ఉండదు, వెలుతురు తగ్గితే తనే తగ్గించేసుకుంటుంది. మొదటి చరణం దాకా పెదాలు పాటతో బాగానే కలిశాయి. రెండో చరణానికి మా హీరో డబ్బింగ్ సినిమా విలన్‌లా తయారయ్యాడు! రాత్రంతా ముక్కలు కోసి అతికించాను.

ఇప్పుడు "ఏం నేర్చుకున్నారు?" అని నాలుగు పేజీలు రాయాలట. ట్యాంక్‌బండ్‌కి వెళ్లకూడదని రాయనా?