ప్రోవో వంటింట్లో పీహెచ్‌డీ మాట

అమెరికాలో, యూటా రాష్ట్రంలో ప్రోవో ఊరు. యేసుక్రీస్తు కడవరి దిన పరిశుద్ధుల సంఘం, అంటే మార్మన్లని అందరూ పిలిచేవాళ్ల సంఘం, నడిపే బ్రిగమ్ యంగ్ యూనివర్సిటీ ఇక్కడే ఉంది. సంఘం అధ్యక్షుణ్ని వాళ్లు ప్రవక్తగా నమ్ముతారు. యూనివర్సిటీకి పేరిచ్చిన బ్రిగమ్ యంగ్ ఆ సంఘానికి రెండో అధ్యక్షుడు. చదువంటే ఈ ఊళ్లో ఎవరికీ చిన్నచూపు లేదు. చంకలో పిల్లతో ఒక అమ్మాయి పీహెచ్‌డీకి వెళ్తానన్నప్పుడే చిక్కు మొదలవుతుంది. ఈ తల్లీకూతుళ్లు నా కల్పన. వాళ్ల నోట వచ్చే చరిత్ర మాత్రం జరిగిందే. నా మనసు కూతురి వైపే ఉంది. అందుకే తల్లికి మాటలు తక్కువ కాకుండా చూసుకున్నాను.

సెప్టెంబరు నెల. బల్ల మీద బుట్టెడు పీచ్ పళ్లు. మరిగే నీళ్లలో నిమిషం ముంచి తీస్తే తొక్క చేతికే ఊడి వస్తుంది. తల్లి తొక్కలు తీస్తుంటే కూతురు ముక్కల్ని గాజు సీసాల్లో సర్దుతోంది.

తల్లి: డిసెంబరులో సాల్ట్ లేక్ సిటీకి అప్లికేషన్ పెడుతున్నావట. మీ ఆయన చెబితే తెలిసింది. పాపకి ఇంకా రెండేళ్లు నిండలేదు.

కూతురు: నీకెలా చెప్పాలా అని వారం నుంచి టెన్షన్ పడుతున్నానమ్మా. యూటా యూనివర్సిటీలో, చరిత్రలో పీహెచ్‌డీ. రైలెక్కితే గంట. ఊరు కూడా మారక్కర్లేదు.

తల్లి: ఎమ్మే దాకా చదివావు, దగ్గరుండి ఫీజు కట్టించింది నేనే. చదువుకోవద్దని ఈ ఇంట్లో ఎవరన్నారు? కానీ ఇది చదువుతో ఆగేది కాదు. థీసిస్ అంటావు, తర్వాత ఉద్యోగం ఎక్కడ దొరికితే అక్కడికి పోతానంటావు. ఇంకో బిడ్డ ఎప్పుడు? పిల్లల పెంపకం ప్రధానంగా తల్లి బాధ్యతని 1995లో హింక్లీ అధ్యక్షులు చదివిన కుటుంబ ప్రకటనలో ఉంది. అది మన హాల్లో ఫ్రేము కట్టించి పెట్టాం. చూస్తూనే పెరిగావు.

కూతురు: భార్యాభర్తలు సమాన భాగస్వాములుగా ఒకరికొకరు సాయపడాలని కూడా అందులోనే ఉంది. పరిస్థితిని బట్టి సర్దుబాటు అవసరం కావచ్చనీ ఉంది.

తల్లి: అది వైకల్యమో మరణమో వచ్చినప్పటి మాట.

కూతురు: 'లేదా ఇతర పరిస్థితులు' అని కూడా రాశారమ్మా. సరే, అది వదిలేయ్. బ్రిగమ్ యంగే 1870ల్లో ఆడవాళ్లను వైద్యం చదవమన్నారు కదా. ఎల్లిస్ షిప్ పసివాళ్లయిన కొడుకుల్ని ఇంటి దగ్గర వదిలి 1875లో ఫిలడెల్ఫియా వెళ్లింది. చదువు మధ్యలో అక్కడే కూతుర్ని కన్నది. 1878లో డాక్టరై వచ్చి, జీవితకాలంలో అయిదు వేలకు పైగా కాన్పులు చేసింది. ఆవిడ గురించి ఇప్పటికీ గర్వంగా చెప్పుకుంటాం.

తల్లి: ఆ రోజుల్లో ప్రవక్తే పిలిచారు. డాక్టర్ల అవసరం అంత ఉండేది. నిన్నెవరు పిలిచారు? నన్ను పిలిచారు. 1987 ఫిబ్రవరిలో బెన్సన్ అధ్యక్షులు తల్లుల్ని ఉద్దేశించి మాట్లాడారు. టైపు మిషన్లు వదిలి, నర్సు పనులు వదిలి ఇంటికి రండని అంతకుముందు కింబల్ అధ్యక్షులు అన్నమాట మళ్లీ గుర్తుచేశారు. అప్పుడు నేను వృక్షశాస్త్రం ఎమ్మెస్సీలో ఉన్నాను. వచ్చేశాను. అమ్మ పాపం త్యాగం చేసిందని నువ్వు లోపల జాలిపడతావని తెలుసు. జాలిపడకు. మీ నలుగురికీ చదవడం నేర్పింది నేను. ఈ కొండల్లో పూసే పువ్వుల పేర్లు మీకు వచ్చంటే నా చదువు ఎక్కడికీ పోలేదు. ఇప్పుడు నువ్వు వెళ్తే, నేను బతికిన బతుకు తప్పని చెప్పినట్టే.

(తల్లి చేతిలో పండు జారి సింకులో పడింది. ఇద్దరూ తీయలేదు. ప్రకటనలూ లేఖనాలూ అన్నీ దాటుకుని ఆవిడ అసలు బాధ ఇక్కడ బయటపడిందని నాకనిపిస్తుంది. దీనికి జవాబు చెప్పకుండా కూతురు ఎన్ని పేర్లు వల్లించినా గెలవలేదు.)

కూతురు: నేనలా ఏనాడూ అనుకోలేదమ్మా. నాకు ఏడేళ్లప్పుడు కొండ మీద సీగో లిల్లీ పువ్వు చూపించావు. మొదట ఇక్కడికొచ్చిన మన సంఘంవాళ్లు పంటలు పోయినప్పుడు దాని గడ్డలు తవ్వి తిన్నారని చెప్పావు. ఎవరు తవ్వారు, ఏ గడ్డ తినొచ్చో వాళ్లకి ఎవరు చెప్పారు అని నేనడిగాను. నీకు తెలియదన్నావు. అప్పటి నుంచీ అదే అడుగుతున్నాను. నాకీ పురుగు పట్టించింది నువ్వే.

తల్లి: మాటలు బాగానే ఉన్నాయి. పాప?

కూతురు: లారెల్ థాచర్ ఉల్‌రిచ్ మన సంఘం మనిషే, అయిదుగురు పిల్లల తల్లి. 1980లో పీహెచ్‌డీ అయింది. మెయిన్ రాష్ట్రంలో ఒక మంత్రసాని రాసుకున్న డైరీ మీద పనిచేసి 1991లో పులిట్జర్ తెచ్చుకుంది. నిదానంగా చదివింది. నేనూ నిదానంగానే చదువుతాను.

తల్లి: లక్షల్లో ఒక్కరు. ఆవిడ పేరు చెబితే పాపకి అన్నం ఎవరు పెడతారు?

కూతురు: నేనూ అదే అడగాలనుకున్నాను. ఎల్లిస్‌ని ప్రవక్త పిలుపు ఒక్కటే చదివించలేదు. ఆవిడ భర్తకున్న మిగతా భార్యలు ఆవిడ పిల్లల్ని సాకారు, డబ్బు కూడబెట్టి పంపారు. బహుభార్యత్వాన్ని 1890లో మాన్పించారు, మంచిదే. మరి ఆ సాయం పట్టే చేతులు ఏమైపోయాయి? నువ్వు మన వార్డులో, ఈ పేట సంఘంలో, ఆడవాళ్ల రిలీఫ్ సొసైటీకి అధ్యక్షురాలివి. పేటలో ఎవరికి కాన్పయినా, ఆపరేషనయినా ఆదివారం ఆడవాళ్ల మధ్య కాగితం తిప్పుతావు. ఎవరు ఏ రోజు భోజనం తెస్తారో రాస్తారు. ఆ ఇంట్లో రెండు వారాలు పొయ్యి వెలిగించక్కర్లేదు. పీహెచ్‌డీ మధ్యలో రాయాల్సిన నా కాంప్రహెన్సివ్ పరీక్షలకి ఆ కాగితం తిప్పుతావా?

తల్లి: అలా ఎవరూ అడగలేదు.

కూతురు: అన్నయ్య డెంటల్ కాలేజీలో ఉన్నప్పుడు అడిగాడా? వదిన ఒక్కతే పిల్లలతో నలిగిపోతోందని వారానికి మూడు రోజులు వండి పంపావు.

తల్లి: వాడు సంసారం ఈదాల్సినవాడు.

కూతురు: అంటే ఆకలి ఒకటే, చదివేది ఎవరో చూసి వండాలా?

(చాలాసేపు కత్తి చప్పుడే వినిపించింది.)

తల్లి: పీహెచ్‌డీ మీద నా మాట మారలేదు, గుర్తుపెట్టుకో. ఆ పరీక్షలకి ఎన్నాళ్లు పడుతుంది?

కూతురు: అవి ఇంకా రెండు మూడేళ్ల తర్వాత కదా...

తల్లి: ఎన్నాళ్లు అని అడిగాను.

కూతురు: ఆరు వారాలైనా కూర్చుని చదవాలి.

తల్లి: అప్పటికి ఈ బాధ్యతలో నేనుంటానో, ఇంకెవరుంటారో. ఉంటే తిప్పుతాను. ఎంతమంది రాస్తారో, ఎంతమంది పక్కవాళ్ల చేతికిచ్చి ఊరుకుంటారో నువ్వే చూద్దువుగాని. ఆ సీసా అంచు తుడువు, రసం అంటితే మూత పట్టదు.