ఆ ఒక్క ఫొటోకి 48 రోజులు

2025 నవంబరు 2, ఆదివారం సాయంత్రం. 5:26కి శ్రీహరికోట నుంచి ఎల్‌వీఎం3 రాకెట్ లేస్తుందని మైపాడు ఒడ్డున దక్షిణం వైపు చూస్తూ కూర్చున్నాం, మామా నేనూ. వలలో చిక్కుకున్న పీత కాలు ఒకటి గోటితో లాగుతూ, తల ఎత్తకుండానే అడిగాడు మామ. "అల్లుడా, ఆ తోకచుక్క ఫొటోలు అమెరికావోళ్లు దాచిపెట్టినారంట గదా. దాంట్లో ఎవురో ఉండారంట, నిజమేనా?"

ఆయన అడిగింది త్రీఐ అట్లాస్ గురించి. మన సూర్యుడి కుటుంబానికి బయట నుంచి వచ్చినట్టు తెలిసిన మూడో వస్తువు అది. జులై 1న చిలీలో ఉన్న టెలిస్కోపు కనిపెట్టింది. అక్టోబరు 2న అంగారకుడి దగ్గరున్న నాసా నౌక దాన్ని ఫొటో తీసింది. అంతకు ముందు రోజే నిధుల గొడవతో అమెరికా ప్రభుత్వ ఆఫీసులు మూతపడ్డాయి. ఫొటో బయటికి రాలేదు. ఇక యూట్యూబ్‌లో ఎవరి కథ వాళ్లదే.

ఇలాంటి ప్రశ్న అడిగిన వాళ్లని వెర్రివాళ్లలా చూసేవాళ్లంటే నాకు ఒళ్లు మండుతుంది. జనానికి ఈ అనుమానం ఊరికే రాలేదు. 1947లో అమెరికాలోని రాస్వెల్ దగ్గర కూలింది ఎగిరే పళ్లెం అని సైన్యమే ప్రకటించింది. వెంటనే మాట మార్చి, వాతావరణ బెలూన్ అంది. అది సోవియట్ అణుపరీక్షల చప్పుడు వినడానికి వదిలిన రహస్య బెలూన్ అని ఒప్పుకోవడానికి 1994 దాకా పట్టింది. అమెరికా యూ-2 గూఢచారి విమానాలను చూసి ఇదేంటని అడిగిన జనానికి మంచు స్ఫటికాలని సర్దిచెప్పారు. గ్రహాంతరవాసులు లేకపోవచ్చు, అబద్ధం మాత్రం ఉంది. ఒకసారి అబద్ధమాడి దొరికినోడు రెండోసారి నిజం చెప్పినా ఎవరు నమ్ముతారు?

అయితే మామకి ఇంకో సంగతి కూడా చెప్పాను. సైన్యం తన సామాను దాచుకోవడం వేరు, ఆకాశంలో జీవం కోసం వెతకడం వేరు. ఆకాశాన్ని ఎవరూ గోనెసంచిలో కట్టి పెట్టలేరు. అదే తోకచుక్కని యూరప్ వాళ్ల నౌక అక్టోబరు 3న ఫొటో తీస్తే, 7వ తేదీకల్లా అందరికీ చూపించారు. ఇళ్ల మేడల మీద సొంత టెలిస్కోపులతో చూసినవాళ్లు కూడా ఉన్నారు. 1989లో ఆకాశంలో జీవం కోసం వెతికే శాస్త్రవేత్తలు ఒక ఒప్పందం రాసుకున్నారు. సిగ్నల్ దొరికితే ముందు ఇంకొకరితో సరిచూపించుకోవాలి, నిజమని తేలితే బహిరంగంగా చెప్పాలి. 2019లో ఆస్ట్రేలియాలోని పార్క్స్ టెలిస్కోపుకి మన సూర్యుడికి అతి దగ్గరి నక్షత్రమైన ప్రాక్సిమా సెంటారీ వైపు నుంచి ఒక సిగ్నల్ అందింది. ఇంకా సరిచూస్తుండగానే, 2020 డిసెంబరులో ఆ వార్త పత్రికకి పొక్కింది. చివరికి 2021లో అది మన పరికరాల గోలేనని తేల్చారు. సరిచూడటం తప్పు కాదు. కానీ "ఒకటి వినబడింది, చూస్తున్నాం" అని మొదటి రోజే చెప్పి ఉంటే ఏం పోయేది? ఆ ఒక్క మాట లేకనే పుకారు పుడుతుంది.

ఆ సాయంత్రం లేచిన రాకెట్‌లో ఉన్నది 4,410 కిలోల సీఎంఎస్-03. నౌకాదళం కోసం చేసిన ఉపగ్రహం. దాని గుట్టంతా మనకి చెప్పరు. మామకి దాని మీద ఏ అనుమానమూ లేదు. "నేవీది గదా, అట్నే ఉంటాది" అన్నాడు. ప్రయోగం రోజు ఫలానా వైపు వేటకి పోవద్దని మత్స్యకారులకి ముందే చెప్తారు. ఎందుకో చెప్తారు కాబట్టి ఆగుతారు. నాసా ఆ మాత్రం చెయ్యలేకపోయింది. ఆఫీసులు మూతపడితే కోట్లమంది ఎదురుచూసే ఫొటో కూడా పెట్టెలో ఉండిపోవాలా? అది ఎవరి డబ్బుతో తీసింది?

నవంబరు 19న ఆ ఫొటో వచ్చింది. ఫోన్‌లో మామకి చూపించాను. చీకట్లో మసకగా ఒక తెల్లటి ముద్ద. రెండు వేళ్లతో పెద్దది చేసి, అటూ ఇటూ జరిపి, చాలాసేపు చూశాడు.

"ఇంతేనా? మరి దీన్ని ఆ రోజే చూపిస్తే ఏమయ్యేది అల్లుడా?"