ఆకాశానికి తహసీల్దారు

1890లో ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ పేరిట పాలమూరు మహబూబ్‌నగర్ అయింది. బస్సు బోర్డు మీదా రెవెన్యూ కాగితాల్లోనూ ఆ పేరే. జనం నోట మాత్రం పాలమూరు పోలేదు. చివరికి ప్రభుత్వమే తన ఎత్తిపోతల పథకానికి పాలమూరు-రంగారెడ్డి అని పేరు పెట్టుకుంది.

ఏలినవారి పేర్లు ఆకాశానికెక్కించే ప్రయత్నాలూ జరిగాయి. 1610 జనవరిలో గురుగ్రహం పక్కన నాలుగు చందమామలను చూసిన గెలీలియో వాటిని ‘మెడిచీ తారలు’ అన్నాడు. ఫ్లోరెన్స్ ప్రభువు కోసిమో మెడిచీకి ముగ్గురు తమ్ముళ్లు ఉండటంతో లెక్క కూడా కుదిరింది. ఆ ఏడాదే గెలీలియోకు ఆ ఆస్థానంలో కొలువు దొరికింది. (కృతిభర్తల కోసం మన ప్రబంధ కవులు పడిన పాట్లు తెలిసినవారికి ఇదేమీ వింత కాదు.) 1781లో కొత్త గ్రహాన్ని కనిపెట్టిన విలియం హెర్షెల్ దానికి మూడో జార్జి పేరు పెట్టాడు. ఇంగ్లండు రాజును ఫ్రెంచివాళ్లు ఎందుకు తలుచుకుంటారు? ఆ గ్రహం యురేనస్ అయింది. మెడిచీల పేరూ చెరిగిపోయింది. పాలమూరు కాగితాలు నిజాం చేతిలో ఉన్నాయి. ఆకాశానికి అప్పటికి తహసీల్దారు లేడు.

గురుడి చందమామలకు ఇప్పుడున్న అయో, యూరోపా, గానిమీడ్, కాలిస్టో పేర్లు 1614లో సైమన్ మారియస్ అచ్చువేయించినవి. అవీ వెంటనే అతకలేదు. చాలాకాలం ఒకటి, రెండు, మూడు, నాలుగు అనే లెక్కపెట్టారు. 1847లో హెర్షెల్ కొడుకు జాన్ శనిగ్రహపు ఏడు ఉపగ్రహాలకు గ్రీకు పురాణాల పేర్లు సూచించాడు. యురేనస్ చందమామలకు ఇంగ్లిష్ కవులు షేక్‌స్పియర్, అలెగ్జాండర్ పోప్‌ల పాత్రల పేర్లు వచ్చాయి. ముందు వచ్చినవాడు గీసిన గట్టే ఇప్పటికీ హద్దు.

1919లో పుట్టిన అంతర్జాతీయ ఖగోళ సంఘం ఇప్పుడు ఆ తహసీల్దారు. శనికి దూరంగా తిరిగే చిన్న ఉపగ్రహాలకు కక్ష్యను బట్టి ఇనూయిట్ (ఉత్తర ధ్రువ ప్రాంతపు ఆదివాసులు), నార్స్ (ఉత్తర ఐరోపా), గాల్ (పాతకాలపు ఫ్రాన్స్ ప్రాంతం) పురాణాల పేర్లు పెడతారు. ఇనూయిట్‌లకు చోటు దక్కింది కెనడా శాస్త్రవేత్త కావెలార్స్ పూనుకోవడం వల్లే. 2000లో ఆ ఉపగ్రహాలను కనిపెట్టినవారిలో ఆయన ఒకరు. మన పురాణాల పేర్లు ఎందుకు లేవని వాపోయేవారికి నా జవాబు ఇదే: ఆ కుర్చీ అడిగితే వచ్చేది కాదు, కనిపెట్టినవారికి వచ్చేది.

అంగారకుడి చిన్న బిలాల విషయంలో పద్ధతి వేరు. జనాభా సుమారు లక్షలోపు ఉన్న ఊళ్ల పేర్లే వాటికి పెడతారు. 2024లో ఉత్తరప్రదేశ్‌లోని ముర్సాన్, బిహార్‌లోని హిల్సా అలా ఎక్కాయి. కనిపెట్టింది అహ్మదాబాద్ భౌతిక పరిశోధనాలయం వారు. ఈ లెక్కన లక్ష దాటిన నల్లగొండకు అర్హత లేదు, దేవరకొండకు ఉంది!

2025 మార్చిలో శనికి మరో 128 ఉపగ్రహాలను గుర్తించారు. దాంతో అప్పటికి మొత్తం 274. వాటిలో చాలావాటికి ఏడాది, వరస సంఖ్య తప్ప పేరు లేదు. మా నల్లగొండ చెలకలకూ కాగితంలో ఉండేది సర్వే నంబరే. దున్నేవాడికి మాత్రం అది మర్రిచెట్టు చెలక.