చెప్పులు విప్పి చెత్త వేయు విధానం

జనంలో భక్తి తగ్గిపోయిందని బాధపడే పెద్దలు ఒకసారి విజయవాడ వచ్చి, పొద్దున్నే బందరు కాలువ వంతెన మీద పది నిమిషాలు నిలబడితే చాలు. ఇంత నియమనిష్ఠలతో చెత్త పారబోసే పట్టణం దేశంలో మరొకటి ఉంటుందని నేను అనుకోను.

మొన్నటి కార్యక్రమమే చూడండి. స్కూటరు ఆగింది. భర్త, వెనక భార్య, ముందు నిలబడ్డ పిల్లవాడు. ఆవిడ ఒళ్లో ఉబ్బిన నల్ల కవరు. కవరు మూతిలోంచి ఎండిన చామంతి దండలు, చుట్ట చుట్టిన పోయినేడాది క్యాలెండరు, ఆ చుట్టలోంచి వేంకటేశ్వరస్వామి పాదాలు. పిల్లవాడు బిస్కెట్ కాగితం రోడ్డు మీద వేయబోయాడు. "రోడ్డు మీద వేస్తావా? బుద్ధి లేదూ? బడిలో ఇదేనా చెప్పింది?" అని తల్లి కసిరి, ఆ కాగితం లాక్కుని కవరులో కుక్కింది. చూసి మురిసిపోయాను. పెంపకం అంటే అదీ.

"ఏవండీ, చెప్పులు విప్పండి. దేవుడివి కదా, తొక్కుడులో పడకూడదు."

ఆయన విప్పారు. కవరు కళ్లకద్దుకున్నారు. రెండడుగులు వెనక్కి వేసి విసిరారు.

ఇక్కడ చిన్న విఘ్నం వచ్చింది. ఇలాంటి భక్తుల కోసమే వంతెనకు మనిషి ఎత్తు దాటి ఇనుప వల కట్టారు. కవరు వెళ్లి దానికి తగులుకుని చిరిగింది. లోపలి నుంచి ముందు సాంబారు కారింది, తర్వాత కోడి ఎముకలు రాలాయి, చివరగా ఒక డైపరు తొంగి చూసింది. ఇంట్లో ఇంకో చంటిపాప కూడా ఉన్నట్టుంది, సంతోషం. స్వామివారి పాదాలు ఆ డైపరుకు ఆనుకుని వేలాడుతున్నాయి. దంపతులకు దిక్కు తోచలేదు. అప్పుడు నడకకు వచ్చిన ఒక పెద్దాయన ఆగి, ఎంతో ఆదరంగా చెప్పారు: "అటు పక్క కన్నం ఉందండీ. మేమంతా అందులోంచే తోస్తాం."

పరోపకారం ఇంకా బతికే ఉంది. కవరు కన్నంలోంచి కాలువలో పడింది. ఆయన దండం పెట్టి, చెంపలు వేసుకుని, చెప్పులు తొడుక్కున్నారు.

పాపం, 1855లో కృష్ణకు అడ్డంగా ఆనకట్ట కట్టినవారు ఈ కాలువలు పొలాలకు నీళ్లివ్వడానికే అనుకున్నారు. 1957లో ప్రకాశం బ్యారేజీ ప్రారంభించినవారికీ అదే భ్రమ. బందరు, ఏలూరు, రైవస్ అని మూడు కాలువలు ఊరి నడుమ ఎందుకు పారుతున్నాయో మనకు తెలిసినంతగా ఇంజినీర్లకు తెలియలేదు.

చట్టం లేదా అంటే, ఉంది. చెత్తను ఇంట్లోనే తడి, పొడి, హానికరం అని మూడుగా విడదీయాలనీ, వీధిలోనూ కాలువలోనూ వేయరాదనీ 2016 నాటి నియమాలు చెప్పాయి. మనం మూడూ ఒకే కవరులో కలిపి జాతీయ సమైక్యత పాటిస్తున్నాం. 2021లో స్వచ్ఛ సర్వేక్షణ్‌లో ఇండోర్, సూరత్‌ల తర్వాత మన ఊరికే మూడో స్థానం వచ్చింది. ఆ ఘనత కూడా మనదేనని చెప్పుకున్నాం. చెత్త పన్ను ఉన్నప్పుడు, పన్ను కడుతున్నాం కనుక ఎక్కడైనా వేసే హక్కు ఉందన్నాం. పన్ను ఎత్తేశాక, ఇప్పుడు అడిగేవాడెవడు అంటున్నాం. మన వాదనకు ఎప్పుడూ లోటు లేదు.

వేసవిలో కాలువలు కట్టేస్తారు. అప్పుడు అడుగు తేలుతుంది. పరుపులు, థర్మోకోల్ ముక్కలు, తల లేని వినాయకుళ్లు, మూతి ముడి వేసిన వేల కవర్లు. ఆ ముడి ఎవరు విప్పుతారు? చెప్పులు విప్పిన ఆయన కాదు. మోకాటి లోతు బురదలో దిగిన పారిశుద్ధ్య కార్మికుడు విప్పుతాడు, చాలాసార్లు ఒట్టి చేతులతో. పగిలిన సీసా పెంకు గుచ్చుకునేది ఆ చేతికి. మన బిడ్డ మలం అంటుకునేది ఆ చేతికి. అదే మనిషి మధ్యాహ్నం మన గుమ్మంలో మంచినీళ్లు అడిగితే, ఇంట్లో ఉన్న గ్లాసులన్నీ వదిలి ప్లాస్టిక్ సీసా కోసం వెతుకుతాం. సిగ్గు లేదా మనకు? దేవుడి బొమ్మ తొక్కుడులో పడకూడదు గానీ మనిషి చెయ్యి అందులో ముంచవచ్చా? తెలియక చేస్తున్నామని ఎవరూ చెప్పవద్దు. ఎత్తడానికి ఫలానావాళ్లు ఉన్నారని, తరతరాలుగా వాళ్లే ఎత్తుతున్నారని బాగా తెలిసే చేస్తున్నాం.

అన్నట్టు, కాలువ ఆ వంతెన దగ్గర ఆగిపోదు. సాంబారునూ చామంతులనూ మోసుకుంటూ మచిలీపట్నం వైపు సాగుతుంది. డెల్టా పల్లెలు మంచినీటి చెరువులు నింపుకునేది కాలువ నీటితోనే. స్కూటరు ఆయన అత్తవారి ఊరు కూడా అటువైపే అయి ఉండవచ్చు. సంక్రాంతికి అల్లుడుగారు దిగగానే బావమరిది పరుగెత్తుకెళ్లి ఇరవై లీటర్ల డబ్బా తెస్తాడు. ఎందుకంటే అల్లుడుగారు ముందే ఫోనులో చెప్పారు:

"మీ ఊరి నీళ్లు నాకు పడవండీ."